వైకింగ్‌ల బార్లీ రొట్టె చేసే పద్ధతి

స్వీడన్‌లో వైకింగ్‌ల (ఉత్తర ఐరోపాకు చెందిన పూర్వపు సముద్రయాత్రికుల) వర్తక పట్టణమైన బిర్కాలో 8-10 శతాబ్దాల నాటి సమాధుల్లో కాలి బొగ్గయిన చిన్న, పల్చటి రొట్టెలు దొరికాయి. బార్లీ వాటిలో ముఖ్యమైన ధాన్యం.

రెండు కప్పుల బార్లీ పిండికి అరకప్పు గోధుమపిండి, చిటికెడు ఉప్పు కలపండి. పాలు విరిగాక మిగిలే తేట నీళ్లను వేడి చేసి కొద్దికొద్దిగా పోయండి. సుమారు కప్పు పడుతుంది. చన్నీళ్లు వద్దు. బార్లీలో సాగే గుణం తక్కువ కాబట్టి, జొన్నరొట్టెలాగే అంచులు పగులుతాయి. పగిలితే చెయ్యి తడి చేసుకుని మళ్లీ మదాయించండి. పొడిపిండి చల్లితే పగుళ్లు ఇంకా పెరుగుతాయి.

ఇరవై నిమిషాలు మూతపెట్టి ఉంచి, నిమ్మకాయంత ఉండల్ని అరచేతుల మధ్య అర సెంటీమీటరు మందాన తట్టండి. మధ్యలో వేలితో చిల్లు పెట్టండి. బిర్కా రొట్టెల్లో కొన్నింటిని ఇనుప తీగకు గుచ్చారు. నూనె లేకుండా ఇనుప పెనం మీద, మధ్యస్థ మంటపై ఒక్కోవైపు మూడేసి నిమిషాలు కాల్చండి. మంట ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

వేడిమీదే వెన్న రాసుకు తినాలి, చల్లారితే అట్టముక్కే. అప్పటి పిండిలో తిరగలి రాతిపొడి కూడా కలిసి పళ్లు అరిగేవి. ఆ ఒక్కదాన్ని అనుకరించనక్కర్లేదు.