పాటకు ప్లేలు వస్తున్నాయి, డబ్బులు రావట్లేదా? ముందు రిపోర్టులో నెల చూడండి

సమస్య: పాట వదిలి రెండు నెలలు దాటింది, స్పాటిఫైలో వేల ప్లేలు కనిపిస్తున్నాయి, డిస్ట్రిబ్యూటర్ (పాటను స్పాటిఫైలాంటి యాప్‌లకు చేర్చి, వచ్చిన డబ్బు మనకిచ్చే కంపెనీ) ఖాతాలో మాత్రం సున్నా.

నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమందికి అసలు సమస్యే ఉండదు. రిపోర్టు తెరిచి అది ఏ నెల లెక్కో చూసుకోరు, అంతే. దయచేసి ముందు అది చూడండి. జనవరిలో జనం విన్నదాని లెక్క జనవరి అయిపోయాకే మొదలవుతుంది. ఒక్కో ప్లేకి ఇంత అని రేటేమీ లేదు కాబట్టి, ఆ నెల వచ్చిన ఆదాయం మొత్తంలో ఎవరి వాటా ఎంతో స్పాటిఫై తేల్చి డిస్ట్రిబ్యూటర్‌కి పంపాలి, వాళ్లు ఐఎస్ఆర్‌సీ కోడ్ (ఒక్కో రికార్డింగ్‌కు ఉండే గుర్తింపు నంబరు) ప్రకారం పాటపాటకీ విడదీసి మీ ఖాతాలో చూపించాలి. ఇదంతా అయ్యేసరికి మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. జనవరి డబ్బు కోసం ఫిబ్రవరిలో టెన్షన్ పడి లాభం లేదు.

నెల సరిగ్గానే ఉన్నా సున్నా ఉంటే, పాటకు ఎన్ని ప్లేలో విడిగా చూడండి. 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 ప్లేలు లేని పాటకు స్పాటిఫై రికార్డింగ్ రాయల్టీ (రికార్డు చేసిన పాటకు వచ్చే డబ్బు) లెక్కగట్టదు. పది పాటలకు తలా 300 వచ్చి మొత్తం 3,000 అయినా చేతికేమీ రాదు.

సమస్య: ఖాతాలో డాలర్లు ఉన్నాయి, విత్‌డ్రా కొట్టాను, పంపేశామని మెయిల్ కూడా వచ్చింది, బ్యాంకులో పడలేదు.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. కారణం పేరు. మన పేర్లతో ఇది చాలా మామూలు: బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాన్ కార్డులో పూర్తిగా, ఆధార్‌లో చివర, వీటికి తోడు డిస్ట్రిబ్యూటర్ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు. నేను ఆ గళ్లలో పాటల మీద వేసుకునే పేరు రాశాను. డబ్బు బయల్దేరింది, పేరు కలవక వెనక్కి పోయింది, ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. బ్యాంకు చుట్టూ తిరుగుతూ రెండు నెలలు పోగొట్టుకున్నాక తెలిసింది, ఆ మొత్తం ఎప్పుడో తిరిగొచ్చి, పంపిన ఖర్చు పోను, డిస్ట్రిబ్యూటర్ ఖాతాలోనే కూర్చుందని.

అందుకే పాన్ మీద ఉన్న స్పెల్లింగే ఖాయం చేసుకోండి. బ్యాంకులో తేడా ఉంటే పాన్ కాపీ పట్టుకెళ్లి ముందు అక్కడ మార్పించండి, ఆ తర్వాతే డిస్ట్రిబ్యూటర్ దగ్గర డబ్బు తీసుకునేవారి పేరు, పన్ను ఫారం రెండూ అక్షరం తేడా లేకుండా నింపండి. పాటల పేరు ఆర్టిస్ట్ గడిలో తప్ప ఇంకెక్కడా రాయొద్దు. అమెరికా డిస్ట్రిబ్యూటర్ అయితే ఆ ఫారం డబ్ల్యూ-8బెన్ (W-8BEN), అంటే మీరు అమెరికా వాసి కాదని చెప్పే పన్ను పత్రం. ఇండియాలో ఉండేవాళ్లు అందులో పాన్ నంబరు ఇచ్చి, రెండు దేశాల పన్ను ఒప్పందం అడిగితే అమెరికా ఆదాయం మీద కోత 15 శాతం, అది లేకపోతే 30. సంతకం చేసిన ఏడాది కాక ఇంకో మూడేళ్లే ఆ ఫారం చెల్లుతుంది, 2023లో పెట్టింది 2026 డిసెంబరు 31తో సరి. నిన్నటిదాకా వచ్చి ఉన్నట్టుండి ఆగిందంటే ముందు ఆ తేదీ చూడండి. విదేశీ డబ్బు దేనికని బ్యాంకు పర్పస్ కోడ్ (డబ్బు ఎందుకొచ్చిందో చెప్పే కోడ్) అడుగుతూ మెయిల్ పెడుతుంది, దానికి జవాబివ్వకపోయినా డబ్బు వెనక్కే. ఇవన్నీ సరిచేసేదాకా మళ్లీ విత్‌డ్రా నొక్కొద్దు, ప్రతిసారీ ఖర్చు కోస్తారు.

సమస్య: పాడినవాళ్లకు వచ్చింది, పాట రాసినాయనకు రాలేదు.

డిస్ట్రిబ్యూటర్ పంచేది రికార్డింగ్ డబ్బే. అందులో ఆయనకు వాటా రాసిచ్చి ఉంటే, దానికోసం డిస్ట్రిబ్యూటర్ పంపిన ఆహ్వానాన్ని ఆయన ఒప్పుకున్నారో లేదో చూడండి. సాహిత్యం, బాణీల రాయల్టీ దారి వేరు, దానికి ఐపీఆర్ఎస్‌లో (పాట రాసినవాళ్ల, బాణీ కట్టినవాళ్ల రాయల్టీ వసూలు చేసే సంస్థ) సభ్యత్వం తీసుకుని పాటను అక్కడ నమోదు చేయాలి.

దొంగ ప్లేలని ఆపేయడం, పాట మాదని ఇంకొకరు క్లెయిమ్ వేయడం అరుదు. అలాంటప్పుడు ఖాతాలో హోల్డ్ అని కనిపిస్తుంది, ఒప్పందం కాగితాలు జతచేసి సపోర్ట్‌కి రాయండి.