ఆయిల్ పెయింట్ మీద ఎమల్షన్ నిలవాలంటే

వంటింటి గోడకు పాత ఆయిల్ పెయింట్. దాని మీద ఎవరో నేరుగా ఎమల్షన్ (నీళ్లతో కలిపే రంగు) కొట్టేశారు. గోరుతో గీకితే అరటి తొక్కలా ఊడొచ్చేది.

ఊడేదంతా గీకేసి, కింది రంగును స్పిరిట్ దూదితో రుద్దాను. దూదికి రంగు అంటలేదు, అంటే ఆయిలే. జిడ్డును వాషింగ్ సోడా నీళ్లతో, ఆ సోడాను మంచినీళ్లతో కడిగాను. తర్వాత 180 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి రుద్దాను. పొడిగా మాత్రం వద్దు: ఇళ్ల రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) పరిమితి 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు రంగుల్లో సీసం ఎక్కువ ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లలకు ప్రమాదం. పెయింటర్లు విసుక్కునేది ఈ రుద్దుడుకే, కానీ మెరుపు పోకపోతే ఏదీ పట్టదు. గోడ ఆరాక సాల్వెంట్ ప్రైమర్ (రంగు పట్టేందుకు ముందు వేసే, నీళ్లతో కలపని పూత) ఒక కోటు, మర్నాడు ఎమల్షన్ రెండు కోట్లు.

పొయ్యి వెనక మాత్రం మళ్లీ ఎనామిలే, అంటే ఆయిల్ పెయింటే వేశాను. అక్కడి తాలింపు జిడ్డు తుడవడానికి అదే సుఖం.