అంబాసిడర్ ఇంజిన్ హెడ్డు పట్టేస్తే: గీత పడకుండా ఊడదీసే పద్ధతి

నట్లన్నీ విప్పేశాక కూడా హెడ్డు (సిలిండర్ల పై మూత) బ్లాకును (సిలిండర్లుండే కింది భాగం) వదలకపోతే, చెయ్యి ముందు పెద్ద స్క్రూడ్రైవరు మీదికే పోతుంది. దాన్ని జాయింటులో పెట్టి సుత్తితో కొట్టారంటే పని చెడినట్టే. పోత ఇనుము వంగదు, అంచు పెచ్చుగా లేస్తుంది లేదా ముఖం మీద గీత పడుతుంది. వెంట్రుక మందం గీత చాలు. ఎంత మంచి గాస్కెట్ (రెండిటి మధ్య వేసే పలచటి పొర) వేసినా ఆ దారిన కంప్రెషన్ (సిలిండర్లో నొక్కుకున్న గాలి ఒత్తిడి) పోతుంది, నీళ్లు ఆయిల్లోకి దిగుతాయి. అందుకే స్క్రూడ్రైవరు, ఉలి, టైరు లివరు ముందుగానే పక్కన పెట్టేయండి.

ఇక్కడ చెప్పేది పాత అంబాసిడర్లలో ఉండే 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ సంగతి. బ్రిటన్‌లో బీఎంసీ కంపెనీ చేసిన బి-సిరీస్ ఇంజిన్ ఇది. బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. బ్లాకులోకి బిగించిన 11 స్టడ్లు (రెండు కొసలా మరలున్న కడ్డీలు) హెడ్డు గుండా పైకి వస్తాయి, వాటి మీద నట్లు. 1990ల్లో వచ్చిన ఇసుజు ఇంజిన్ కట్టుబడి వేరు, దానికి ఇది పనికిరాదు.

హెడ్డును పట్టి ఉంచేది గాస్కెట్ అని చాలామంది అనుకుంటారు. గాస్కెట్ అతుక్కున్న మాట నిజమే కానీ ఆ పట్టు ఒక్క అదురుకు వదిలేస్తుంది. అసలు పట్టు స్టడ్లది. స్టడ్డుకూ హెడ్డులోని రంధ్రానికీ మధ్య ఉండే సన్నని సందులోకి ఏళ్ల తరబడి చెమ్మ దిగి తుప్పు కడుతుంది. తుప్పు, అది పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి సందు మొత్తం బిగిసిపోతుంది. రాకర్ కవరు (హెడ్డు మీది రేకు మూత) లోపల ఉన్న స్టడ్లకు ఎప్పుడూ ఆయిల్ తగులుతూ ఉంటుంది, అవి అంత మొండికేయవు. కవరు బయట పడేవే ఏడిపిస్తాయి. కాబట్టి మీ ఓపికంతా ఆ బయటి వరస మీద పెట్టండి.

విప్పే ముందు

ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. వేడి మీద నట్లు వదులు చేస్తే హెడ్డు వంకర పోవచ్చు. బ్యాటరీ తీగ తీసి, రేడియేటర్ కింది నుంచీ బ్లాకు పక్కన ఉండే కుళాయి నుంచీ నీళ్లు వదిలేయండి. బ్లాకు కుళాయి తిప్పినా చుక్క రాకపోతే బ్లాకు ఖాళీ అని కాదు, లోపల బురద అడ్డుపడిందని అర్థం. కుళాయి ఊడదీసి సన్నని తీగతో పొడవండి.

ఈ ఇంజిన్‌లో నీళ్లు తీయకుండా రాకర్ షాఫ్టు (వాల్వులను నొక్కే రాకర్లు ఉండే కడ్డీ) ముట్టుకోకూడదు. రాకర్ స్తంభాలను పట్టుకునే పెద్ద నట్లు నాలుగూ హెడ్డు నట్లే. వాటిని వదులు చేస్తే ఆ పక్క హెడ్డు పైకి లేచి, నీళ్లు సిలిండర్లలోకీ, సంపులోకీ (అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దిగుతాయి.

ఎయిర్ ఫిల్టరు, కార్బురేటరు, మానిఫోల్డు, నీళ్ల గొట్టాలు, టెంపరేచర్ గేజ్ కనెక్షన్, ప్లగ్ వైర్లు అన్నీ వేరు చేయండి. హెడ్డు నట్టు కిందే ఏదైనా క్లిప్పో బ్రాకెట్టో బిగించి ఉందేమో చూడండి. పట్టేసిందని గంటల తరబడి కొట్టిన హెడ్డును చివరికి ఒక మరిచిపోయిన బ్రాకెట్టే పట్టుకుని ఉండటం కొత్త కాదు. విప్పిన నట్లు లెక్కపెట్టండి: పెద్దవి 11, రాకర్ స్తంభాలవి చిన్నవి 4.

నట్లు ఒక్కసారిగా విప్పకండి. బిగించే వరస మధ్య నుంచి చివరలకు, విప్పే వరస చివరల నుంచి మధ్యకు. ఒక్కో నట్టు అరచుట్టు చొప్పున, రాకర్ చిన్న నట్లను కూడా కలుపుకుని, వంతులవారీగా వదులు చేయండి. ఇవి అంగుళాల కొలత నట్లు. మిల్లీమీటర్ సాకెట్ దాదాపుగా పట్టినట్టే అనిపించి మూలలు గుండ్రం చేస్తుంది. ఆరు మూలల అంగుళం సాకెట్టే వాడండి.

రాకర్ షాఫ్టు తీశాక, రాకర్లను కింది నుంచి నెట్టే పుష్ రాడ్లు 8 వస్తాయి. ఒక్కోదాన్ని వేళ్లతో అటూ ఇటూ తిప్పి, కింద టాపెట్ (పుష్ రాడ్డు ఆనే గిన్నె) నుంచి విడిపడ్డాకే పైకి లాగండి. నేరుగా లాగితే ఆయిల్ జిగురుకు టాపెట్ కూడా పైకి వచ్చి పక్కకు పడిపోతుంది. అట్టముక్కకు ఎనిమిది రంధ్రాలు చేసి, నంబర్లు వేసి, అదే వరసలో గుచ్చి పెట్టండి.

నూనె, ఆ తర్వాత స్టడ్లు

ఆటోమేటిక్ గేరు ఆయిల్, అసిటోన్ సమపాళ్లలో కలిపితే సన్నని సందులోకి బాగా దిగే నూనె అవుతుంది. చెరి 100 మి.లీ. ఉంటే ఈ పనికి సరిపోతుంది. రెండూ కలిసి నిలవవు, పొరలుగా విడిపోతాయి, కాబట్టి పోసే ప్రతిసారీ సీసా గట్టిగా ఊపాలి. అసిటోన్ భగ్గున అంటుకుంటుంది, పెయింటును కూడా తినేస్తుంది. ఫెండర్ల మీద గుడ్డ కప్పండి. బీడీలు, వెల్డింగు ఆ దరిదాపుల్లో వద్దు. ఇది కుదరకపోతే మార్కెట్లో దొరికే తుప్పు వదిలించే స్ప్రే వాడండి. ఒట్టి డీజిల్ కూడా పని చేస్తుంది, కాకపోతే రోజులు ఎక్కువ పడతాయి.

నట్టూ వాషరూ తీశాక స్టడ్డు మొదట్లో తుప్పును తీగ బ్రష్షుతో గీకి, సందు కనిపించేలా చేయండి. డ్రాపరుతో నాలుగైదు చుక్కలు వేసి, స్టడ్డు తల మీద మెత్తటి ఇత్తడి కడ్డీ ఆనించి చిన్న సుత్తితో తట్టండి. మరలు పాడవకుండా నట్టును తలకు సమంగా ఎక్కించి తడితే ఇంకా మంచిది. దగ్గరగా చూస్తే సందులోంచి సన్నని నూనె బుడగలు పైకి వస్తాయి. నూనె దిగి లోపలి గాలి బయటికి వస్తోందని గుర్తు. చుక్క అలాగే నిలిచిపోయి ఒక్క బుడగా రాకపోతే ఆ స్టడ్డుకు సుద్దముక్కతో గుర్తు పెట్టండి. మీ పోరాటం దానితోనే. పొద్దునా సాయంత్రం ఇలా మూడు రోజులు, మొండి వాటికి వారం. పట్టిన స్టడ్డు తడితే మొద్దుగా ‘టక్’మంటుంది, వదులవుతున్న కొద్దీ ఆ చప్పుడు ఖంగుమంటుంది. చెవికి ఈ తేడా రెండో రోజుకే అలవాటవుతుంది.

తర్వాత స్టడ్లను ఒక్కొక్కటిగా బయటికి తీయడానికి చూడండి. ఒక స్టడ్డు బయటికి వచ్చిందంటే హెడ్డును పట్టుకున్న చేతుల్లో ఒకటి తగ్గినట్టే. స్టడ్డు మీద రెండు పలచటి నట్లు ఎక్కించి, ఒకదానితో ఒకటి ఎదురుగా గట్టిగా బిగించి, కింది నట్టును విప్పే దిశలో తిప్పండి. తిరగకపోతే పానాకు పైపు తొడగకండి. ముందు బిగించే దిశలో కొద్దిగా, తర్వాత విప్పే దిశలో కొద్దిగా తిప్పండి. కదలిక బియ్యపు గింజంత వచ్చినా చాలు, నూనె వేసి మళ్లీ అదే పని. కదులుతున్న కొద్దీ ఎర్రటి తుప్పు నీరు పైకి ఊరుతుంది. స్టడ్డు రబ్బరులా మెలి తిరుగుతున్నట్టు చేతికి తెలిస్తే వెంటనే ఆపండి, ఇంకో పావు చుట్టుకు అది తెగుతుంది. పైపు పానాతో మరల మీద పట్టుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఇంజిన్ చేతే తోయించడం

క్రాంకు (పిస్టన్లను ఆడించే ఇరుసు) తిరిగే ఇంజిన్ అయితే హెడ్డును కింది నుంచి తోసే బలం లోపలే ఉంది. సిలిండరు వ్యాసం 73 మి.మీ., అంటే వైశాల్యం దాదాపు 42 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 7 కిలోల కంప్రెషన్ వచ్చినా ఒక్కో సిలిండరు హెడ్డును 290 కిలోల బలంతో పైకి నెడుతుంది. ప్లగ్గులు బిగించి ఉంచండి. పుష్ రాడ్లు తీసేశాం కాబట్టి వాల్వులన్నీ మూసుకునే ఉంటాయి. సిలిండర్లలో ఒక్కో టీస్పూను ఆయిల్ వేయండి, అంతకు మించవద్దు. ఎక్కువైతే ఆయిల్ నలగక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మిగిలిన స్టడ్లలో కనీసం నాలుగింటికి నట్లు ఎక్కించి, కింద 5 మి.మీ. ఖాళీ ఉంచండి. హెడ్డు ఎగిరిపడకుండా అవే కాపు. కాయిల్ వైరు తీసి, పెట్రోలు గొట్టం మూసి, బ్యాటరీ మళ్లీ కలిపి, స్టార్టరును రెండు మూడు సెకన్ల చొప్పున కొట్టండి. జాయింటు చుట్టూ తడి గీత కనిపిస్తే, లేదా ‘ఫస్స్’ అని గాలి వస్తే, పట్టు వదిలినట్టే.

దానికీ లొంగకపోతే తాడు పద్ధతి. 8 మి.మీ. నూలు తాడు రెండు మీటర్లు తీసుకోండి. కొబ్బరి తాడు వద్దు, పీచు రాలి సిలిండర్లో ఉండిపోతుంది. కొసను ముడి వేసి బయటే ఉంచండి. 1, 4 పిస్టన్లు కలిసి పైకి వస్తాయి, 2, 3 కలిసి వస్తాయి. ముందు 1, 4 జతను పై చివరకు 5 సెంటీమీటర్ల కిందకు దింపి, రెండిటి ప్లగ్ రంధ్రాల నుంచీ తాడును సమానంగా కూరండి. ఒక్కదానిలోనే కూరితే హెడ్డు ఒక పక్కకే లేచి స్టడ్లలో ఇరుక్కుంటుంది. గేరు న్యూట్రల్లో ఉంచి, నాలుగు ప్లగ్గులూ తీసి, స్టార్టింగ్ హ్యాండిలుతో ఇంజిన్‌ను మెల్లగా తిప్పండి. మెత్తగా మొదలై గట్టిపడుతుంది. అక్కడ ఒత్తిడి నిలకడగా ఉంచి, ఇంకొకరు హెడ్డు చుట్టూ తట్టాలి. గట్టి చెక్కముక్క అడ్డం పెట్టి, కిలో సుత్తితో, దళసరిగా ఉన్న చోట మాత్రమే. ఇక్కడ స్టార్టరు వాడకండి, దాని బలం మీ చేతికి తెలియదు. తర్వాత 2, 3 జతతో అదే పని.

పిస్టన్లు కూడా పట్టేసిన ఇంజిన్‌కు ఈ రెండు దారులూ లేవు. దానికి స్టడ్లు తీయడమే మార్గం.

హెడ్డు రెండు మి.మీ. లేచి మళ్లీ ఆగిపోతే అది కొత్తగా పట్టేయడం కాదు, వాలిపోయింది. లేచిన పక్కను చెక్కతో తట్టి కిందికి దించి, నూనె వేసి, రెండో పక్క నుంచి మళ్లీ లేపండి. ఇలా పైకీ కిందికీ ఆడిస్తుంటే హెడ్డే స్టడ్ల మీది తుప్పును గీకేస్తుంది. పూర్తిగా వచ్చేటప్పుడు ఇద్దరు ఉండాలి, బరువు ఒక్కడి నడుముకు మంచిది కాదు.

అల్యూమినియం హెడ్డయితే

ప్రీమియర్ పద్మిని, ఫియట్ 1100లలో బ్లాకు ఇనుము, హెడ్డు అల్యూమినియం. రెండు లోహాల మధ్య నీళ్లు చేరితే అల్యూమినియం తినబడి, తెల్లటి పొడి గట్టిపడి సిమెంటులా పట్టేస్తుంది. ఆ పొడిని నూనె కరిగించలేదు. ఇక్కడ వేడి నయం. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. హాట్ ఎయిర్ గన్నుతో స్టడ్డు చుట్టూ 100 డిగ్రీల దాకా వేడి చేసి తట్టండి. గ్యాస్ మంట ఒక్కచోట పెట్టకండి, హెడ్డు వంగుతుంది. వేడి చేసే రోజున అసిటోన్ సీసా ఆ షెడ్డులోనే ఉండకూడదు, ముందు రోజు పోసినది పూర్తిగా ఆరి ఉండాలి. ఇంకా కదలకపోతే లేత్ షాపులో సన్నని ఉక్కు గొట్టానికి పళ్లు కోయించి, స్టడ్డుకు తొడిగి తిప్పుతూ ఆ పొడిని కోసేయాలి. గొట్టం స్టడ్డు మీద జారేంత, రంధ్రాన్ని కోయనంత మందం ఉండాలి.

ఊడాక వెంటనే

సిలిండర్లలో పడిన నీళ్లు అప్పుడే తుడిచి ఆయిల్ రాయండి, పూట గడిస్తే తుప్పు గీత పడుతుంది. పాత గాస్కెట్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గీకవద్దు, ఇసుక కాగితం పెట్టవద్దు. నీళ్లతో తడిపి, మాస్కు కట్టుకుని, తడిగానే తీసి సంచిలో మూట కట్టండి. బ్లాకులోని స్టడ్డు రంధ్రాల అడుగున నూనె నిలిచి ఉంటే గాలితో ఊదేయండి. దాని మీద స్టడ్డు బిగిస్తే బ్లాకు చిట్లగలదు. హెడ్డు ముఖం మీద స్టీలు స్కేలు ఐమూలగా పెట్టి, 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) ఎక్కడైనా దూరుతోందేమో చూడండి. దూరితే ఫేసింగుకు (ముఖం చదును చేయించడానికి) పంపండి. నడుము సన్నబడిన స్టడ్డును తిరిగి వాడకండి.

తిరిగి పెట్టేటప్పుడు స్టడ్డు నడుముకు, అంటే హెడ్డు రంధ్రంలో ఉండే భాగానికి, కాపర్ గ్రీజు పలచగా పూయండి. నట్టు మరలకు మాత్రం మాన్యువల్ చెప్పినదే. రేడియేటర్లో బోరు నీళ్లు పోయకండి, ఉప్పదనం ఎక్కువగా ఉన్న ఊళ్లలో మరీను. డిస్టిల్డ్ వాటర్లో కూలెంట్ కలిపి పోయండి.