మంచు ప్రాంతపు కథకు చోటు కావాలా?

మంచులో చిక్కుకున్న మనిషి కథ రాయబోతే "ఎటు చూసినా తెలుపే" అన్న వాక్యం దగ్గరే ఆగిపోతుంటాం. ఊహించడం పక్కనపెట్టి, నిజంగా ఖాళీ అయిన ఊరొకటి ఎంచుకోండి. నేను ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌లోని పిరమిడెన్ తీసుకున్నాను. సోవియట్ బొగ్గు గని ఊరు, 1998లో మూతపడింది.

ముందు నెల ఖాయం చేయండి. అక్కడ నవంబరు నుంచి జనవరి దాకా సూర్యుడు ఉదయించడు, కాబట్టి "తెల్లారింది" అని రాయలేం. తర్వాత ఒక కాగితం మీద వెచ్చదనం, నీళ్లు, ప్రమాదం అని మూడు గడులు గీసి, ఒక్కోదాంట్లో రెండేసి వివరాలు రాయండి. చెట్లు లేవు, అంటే హీరో కొమ్మలు నరకలేడు; ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగో, పాత ఇంటి తలుపో మండించాలి. లీటరు నీళ్లకు దాదాపు పది లీటర్ల పొడిపొడిగా ఉన్న తాజా మంచు కరిగించాలి. ఈ రెండింటితోనే బోలెడు సీన్లు వస్తాయి, టెన్షన్ కూడా. ధ్రువపు ఎలుగుబంటిని ఆఖర్న తెచ్చినా చాలు.

ఒక జాగ్రత్త: ఇప్పటి వేసవిలో నడిచే కథకు ఈ ఊరు కుదరదు, పర్యాటకులు వస్తుంటారు. 1999 చలికాలంలో పెడితే ఆ ఇబ్బంది ఉండదు.