డీడీ-214లో విదేశీ డ్యూటీ, పతకాలు లేవా? రికార్డు సరిచేయించుకోవడం ఎలా?

అమెరికా సైన్యంలో పనిచేసి బయటికి వచ్చినవాళ్లకు డీడీ-214 అనే ఫారం ఇస్తారు. ఎన్నాళ్లు పనిచేశారు, ఏ హోదాలో ఉన్నారు, దేశం దాటి ఎంతకాలం ఉన్నారు, ఏ పతకాలు వచ్చాయి, ఎలా విడుదలయ్యారు అన్నవన్నీ అందులోనే ఉంటాయి. మాజీ సైనికుల వ్యవహారాలు చూసే శాఖను అక్కడ అందరూ వీఏ అంటారు. వైద్యం కోసమైనా, వైకల్య పరిహారం కోసమైనా వీఏ దగ్గరికి వెళితే ముందు అడిగేది ఈ కాగితమే. ఇరాక్‌లో తొమ్మిది నెలలు గడిపిన మనిషి ఫారంలో ఆ తొమ్మిది నెలలు లేకపోతే, వెళ్లొచ్చిన సంగతిని తనే రుజువు చేసుకోవాల్సి వస్తుంది. ప్రాణాలకు తెగించి చేసిన పనికి కాగితం మీద చోటు లేకపోవడం అన్యాయం. దాన్ని సరిచేయించుకోవడం హక్కు. ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు.

2009లో మొదలైన మావ్ని పథకం కింద స్టూడెంట్ వీసా, హెచ్-1 వీసాల మీద ఉన్నవాళ్లు కూడా ఆ సైన్యంలో చేరారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఇంట్లో ఇదివరకు ఎవరూ చూడని ఫారాలు కాబట్టి టెన్షన్ పడటం సహజం. పద్ధతి తెలిస్తే మాత్రం ఇది ఓపికతో అయ్యే పనే.

ముందు ఫారాన్ని గడి గడిగా చదవండి

చూడాల్సిన గడులు నాలుగు. 12ఎఫ్ గడిలో విదేశీ సర్వీసు సంవత్సరాలు, నెలలు, రోజుల లెక్కన ఉంటుంది. 12జీ సముద్ర సర్వీసు. 13వ గడిలో పతకాలు, బ్యాడ్జీలు, రిబ్బన్లు. 18వది రిమార్కులు. 12ఎఫ్‌లో దేశం పేరు ఉండదు, కాలం మాత్రమే ఉంటుంది. ఏ దేశంలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది 18వ గడిలో రాస్తారు. అందుకే ఒక్కోసారి 12ఎఫ్ సరిగానే ఉన్నా 18వ గడిలో అఫ్గానిస్థాన్ పేరు కనబడక చిక్కు వస్తుంది. నేవీలో ఓడ మీద పనిచేసినవాళ్ల కాలం చాలావరకు 12జీలో పడుతుంది. 12ఎఫ్ ఖాళీగా ఉందని కంగారు పడేముందు పక్క గడి చూడండి.

ఒక డీడీ-214 ఆ ఒక్క విడత సర్వీసుకే వర్తిస్తుంది. నేషనల్ గార్డ్, రిజర్వు అనే పార్ట్‌టైమ్ దళాల్లో ఉన్నవాళ్లకు రెండు మూడు ఫారాలు ఉండొచ్చు. మీరు వెతుకుతున్న కువైట్ డ్యూటీ వేరే ఫారంలో నమోదై ఉండొచ్చు. అన్నీ పక్కపక్కన పెట్టి చూశాకే తప్పు ఉందని నిర్ణయించుకోండి.

ఫారం మీద పెన్నుతో మాత్రం ఏమీ దిద్దకండి. షేడ్ వేసిన భాగాల్లో మార్పు చేస్తే ఆ ఫారం చెల్లదని దాని మీదే అచ్చేసి ఉంటుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండే కాగితం ఇది. సలహా కోసమని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

పూర్తి ఫైలు తెప్పించుకోండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. చాలామంది దీన్ని దాటేసి నేరుగా అర్జీ పెడతారు, అక్కడే దెబ్బతింటారు. సైన్యం రాసుకున్న తప్పును సైన్యం రాసుకున్న కాగితంతోనే సరిదిద్దించాలి. మీ జ్ఞాపకం ఎంత నిజమైనా సరే, వాళ్ల సంతకం ఉన్న ఆర్డరు ముందు అది రెండో స్థానంలోనే ఉంటుంది.

మిజోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో మాజీ సైనికుల ఫైళ్లు ఉండే నేషనల్ పర్సనెల్ రికార్డ్స్ సెంటర్ ఉంది. ఈవెట్‌రెక్స్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో గానీ, ఎస్‌ఎఫ్-180 ఫారం నింపి పోస్టులో గానీ అడగవచ్చు. ఉత్త డీడీ-214 కాపీ అడిగితే అదే తప్పుల కాగితం మళ్లీ వస్తుంది. సర్వీసు ఫైలు మొత్తం కావాలని స్పష్టంగా రాయండి. సైనికుడు చనిపోయి ఉంటే మళ్లీ పెళ్లి చేసుకోని భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు అడగవచ్చు. మరణ ధ్రువీకరణ జతచేయాలి. విడుదలై 62 ఏళ్లు దాటిన ఫైళ్లు నేషనల్ ఆర్కైవ్స్‌కి చేరతాయి కాబట్టి వాటిని ఎవరైనా చూడవచ్చు, కాపీలకు మాత్రం ఫీజు ఉంటుంది.

ఫైలు వచ్చాక డిప్లాయ్‌మెంట్ ఆర్డర్లు (విదేశీ డ్యూటీకి పంపిన ఉత్తర్వులు), పతకం మంజూరు చేసిన ఆర్డర్లు, పై అధికారి రాసిన పనితీరు నివేదికలు విడిగా తీయండి. పనితీరు నివేదికను తేలిగ్గా తీసుకోవద్దు. 'ఫలానా బేస్‌లో కాన్వాయ్‌లు నడిపాడు' అన్న ఒక్క వాక్యం, దాని కింద తేదీ, సంతకం ఉంటే అది గట్టి సాక్ష్యం. వియత్నాం కాలంవాళ్లకైతే ఆర్మీలో డీఏ-20 అనే అట్ట కార్డు ఉండేది. బదిలీలు, విదేశీ సర్వీసు, పతకాలు అన్నీ దాని మీదే రాసేవారు. డీడీ-214లో జారిపోయింది ఆ కార్డు మీద దొరికిన సందర్భాలు ఎన్నో.

ఫైలులో లేనివి ఇంట్లో వెతకండి. జీతం స్లిప్పులు ఉంటే దాచిన నిధి దొరికినట్టే. ప్రమాదకర ప్రాంతంలో ఉన్నవాళ్లకు నెలకు గరిష్ఠంగా 225 డాలర్ల అదనపు భత్యం, యుద్ధ ప్రాంత జీతానికి పన్ను మినహాయింపు ఉంటాయి. ఆ స్లిప్పు మీద ఈ రెండూ ఉంటే ఆ నెల మీరు యుద్ధ ప్రాంతంలో ఉన్నారని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ప్రయాణ ఖర్చుల బిల్లులు, పతకం సర్టిఫికెట్లు, విదేశీ ఆసుపత్రిలో చూపించుకున్న చీటీలు కూడా పనికొస్తాయి. పాస్‌పోర్టులో ముద్ర లేదని దిగులు పడకండి. సైనికులు తరచుగా ఆర్డర్లు, సైనిక గుర్తింపు కార్డుతోనే ప్రయాణిస్తారు.

ఫైలు కాలిపోయిందని జవాబు వస్తే

1973 జులై 12న సెయింట్ లూయిస్ కేంద్రంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. సుమారు 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్లు పోయాయి. 1912 నవంబరు 1 నుంచి 1960 జనవరి 1 మధ్య విడుదలైన ఆర్మీవాళ్ల ఫైళ్లలో 80 శాతం బూడిదయ్యాయి. 1947 సెప్టెంబరు 25 నుంచి 1964 జనవరి 1 మధ్య విడుదలైన ఎయిర్‌ఫోర్స్‌వాళ్లలో, అక్షర క్రమంలో హబ్బర్డ్ తర్వాత వచ్చే పేర్లవాళ్ల ఫైళ్లు 75 శాతం పోయాయి. వాటికి నకళ్లు లేవు, మైక్రోఫిల్మ్ లేదు.

ఆ జవాబుతో ఆగిపోవద్దు. మీరు ఇచ్చే వివరాల ఆధారంగా ఆ కేంద్రం వేరే కాగితాల నుంచి సర్వీసును తిరిగి కూరుస్తుంది. యూనిట్ రోజువారీ హాజరు నివేదికలు, జీతాల పట్టీలు, ఆసుపత్రి చేరిక కార్డులు, ఓడ లాగ్ పుస్తకాలు వేరే చోట్ల ఉన్నాయి. అందుకే యూనిట్ పేరు కంపెనీ అనే చిన్న దళం స్థాయి దాకా, తేదీలు కనీసం నెల దాకా రాయడం ముఖ్యం. అప్పట్లో పనిచేసిన పెద్దాయన బతికుంటే ఈ వివరాలు ఇవాళే అడిగి రాసుకోండి.

రావాల్సిన పతకాలేవో చూసుకోండి

కొన్ని పతకాలు ఎవరి సిఫార్సూ లేకుండా, ఆ చోట ఆ కాలంలో పనిచేసినందుకే వస్తాయి. కొన్నిటిని మనిషి విడుదలైన తర్వాతే ప్రవేశపెట్టారు, కాబట్టి ఫారంలో ఉండే అవకాశమే లేదు.

కొరియాలో 1954 జులై 28 తర్వాత పనిచేసినవాళ్లకు కొరియా డిఫెన్స్ సర్వీస్ మెడల్ ఉంది. దానికి చట్టం వచ్చింది 2002లో. అంటే 1970ల్లో అక్కడ పనిచేసి వచ్చినవాళ్ల ఫారంలో అది ఉండదు, అడిగితే చేరుతుంది. ఇరాక్, అఫ్గానిస్థాన్ క్యాంపెయిన్ మెడల్స్ 2004లో వచ్చాయి. అంతకుముందు వెళ్లినవాళ్లకు ఉగ్రవాదంపై యుద్ధానికి సంబంధించిన ఎక్స్‌పెడిషనరీ మెడల్ ఇచ్చారు. దానికి బదులుగా క్యాంపెయిన్ మెడల్ కోరవచ్చు, ఒకే కాలానికి రెండూ ఉండవు. వియత్నాంలో పనిచేసిన ఆర్మీ దళాలకు గ్యాలంట్రీ క్రాస్ యూనిట్ సైటేషన్ అనే గుర్తింపు 1974లో ఇచ్చిన ఆదేశంతో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో కంబాట్ ఇన్‌ఫాంట్రీ బ్యాడ్జి పొందినవాళ్లకు 1947 నాటి విధానం ప్రకారం బ్రాంజ్ స్టార్ పతకం వస్తుంది.

యుద్ధంలో గాయపడినవాళ్లకిచ్చే పర్పుల్ హార్ట్ పతకం సంగతి వేరు. గాయం శత్రు చర్య వల్లే అయిందనీ, దానికి వైద్యం జరిగిందనీ రుజువు కావాలి. ఇక సాహస పతకానికి అప్పట్లో ఎవరూ సిఫార్సే చేయకపోతే అది రికార్డు దిద్దుబాటు కిందికి రాదు. గడువు దాటిన సిఫార్సును కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుడి ద్వారా పంపే దారి అమెరికా చట్టంలో ఉంది.

రెండు దారులు: ఏది మీది?

ఆర్డరు ఫైలులో ఉంది, ఫారంలో ఎక్కలేదు అంటే అది గుమాస్తా తప్పు. ఇందుకు రికార్డుల సవరణ బోర్డు దాకా వెళ్లక్కర్లేదు. మీరు పనిచేసిన దళం రికార్డుల విభాగానికి ఉత్తరం, సాక్ష్యాల కాపీలు పంపితే డీడీ-215 అనే సవరణ పత్రం ఇస్తారు. ఇటీవల విడుదలైనవాళ్లయితే ఆర్మీకి ఫోర్ట్ నాక్స్, నేవీకి టెనెసీలోని మిల్లింగ్టన్, మెరైన్లకు క్వాంటికో, ఎయిర్‌ఫోర్స్‌కి శాన్ ఆంటోనియోలోని రాండాల్ఫ్. పాత సర్వీసు అయితే సెయింట్ లూయిస్ కేంద్రానికే రాయాలి.

అక్కడ కాదన్నారు, లేదా సాక్ష్యాన్ని తూచి తీర్పు చెప్పాల్సిన విషయం అన్నారు. అప్పుడు డీడీ-149 ఫారంతో మిలిటరీ రికార్డుల సవరణ బోర్డుకు వెళ్లాలి. ఆర్మీకి ఒకటి, ఎయిర్‌ఫోర్స్‌కి ఒకటి, నేవీకీ మెరైన్లకూ కలిపి ఒకటి, కోస్ట్ గార్డ్‌కి ఒకటి ఉన్నాయి. తీర్పు చెప్పేది సివిలియన్లు. మొదటి దారి ప్రయత్నించకుండా వస్తే బోర్డు వెనక్కి పంపేస్తుంది, కాబట్టి ఆ తిరస్కరణ ఉత్తరం భద్రపరచండి. తప్పు మీ దృష్టికి వచ్చిన మూడేళ్లలోపు దరఖాస్తు చేయాలి. గడువు దాటినా న్యాయం కోసం అవసరమని బోర్డుకు అనిపిస్తే మినహాయిస్తుంది. ఆలస్యం ఎందుకైందో ఫారంలోనే రాయండి.

డీడీ-149 రాసేటప్పుడు ఆవేశం పక్కన పెట్టండి. ఏ గడిలో ఇప్పుడు ఏముంది, ఏముండాలి, దానికి సాక్ష్యం ఏది అన్న మూడూ చాలు. ఉదాహరణకు: '12ఎఫ్ గడిలో సున్నా ఉంది. 2011 మార్చి నుంచి డిసెంబరు వరకు ఇరాక్‌లో పనిచేశాను. జతచేసిన 1వ కాగితం డిప్లాయ్‌మెంట్ ఆర్డరు, 2వది పనితీరు నివేదిక. 12ఎఫ్‌లో ఆ కాలాన్ని, 18వ గడిలో దేశం పేరు, తేదీలను, 13వ గడిలో ఇరాక్ క్యాంపెయిన్ మెడల్‌ను చేర్చగలరు.' కాగితాలకు నంబర్లు వేయండి. అసలు పత్రాలు పంపకండి. కలిసి పనిచేసిన మిత్రుల వాంగ్మూలం ఉంటే, తాను ఏ హోదాలో, ఎక్కడ ఉండి చూశాడో అతను రాయాలి. 'మంచి సైనికుడు' అన్న మెచ్చుకోలు బోర్డుకు అక్కరకు రాదు.

మనవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు పేరు. ఇంటిపేరు ముందా వెనకా, ఇనిషియల్ ఉందా లేదా అన్న తేడాతో ఆర్డరులో ఒకలా, ఫారంలో ఒకలా పడుతుంది. రెండూ ఒకే మనిషివని చూపే కాగితం జతచేయండి. పౌరసత్వం వచ్చినప్పుడు పేరు మారితే ఆ ఆధారం కూడా.

ఈ రెండు దారుల్లో దేనికీ దరఖాస్తు ఫీజు లేదు. అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ, డీఏవీ వంటి మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు ఉచితంగా సాయం చేస్తారు. డబ్బిస్తే పని చేయిస్తాం అనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఎక్కడైనా కదలిక లేకపోతే మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో సమ్మతి పత్రం మీద సంతకం చేసి ఇవ్వండి. ఫైలు ఎక్కడ ఆగిందో వాళ్లు కనుక్కుంటారు.

బోర్డు కోసం వీఏ క్లెయిమ్ ఆపొద్దు

చట్టం ప్రకారం బోర్డులు 90 శాతం దరఖాస్తులను పది నెలల్లో, అన్నిటినీ 18 నెలల్లో తేల్చాలి. అంతకాలం వైద్యం ఆపుకోలేం కదా. 2022 ఆగస్టు 10న వచ్చిన పాక్ట్ చట్టంతో, ఇరాక్, కువైట్, సౌదీ అరేబియాల్లో 1990 ఆగస్టు 2 తర్వాత, అఫ్గానిస్థాన్‌లో 2001 సెప్టెంబరు 11 తర్వాత పనిచేసినవాళ్లకు సైనిక స్థావరాల్లో చెత్త తగలబెట్టిన గుంతల పొగ వల్ల వచ్చినవిగా కొన్ని జబ్బులను ముందే ఒప్పుకుంటారు. అక్కడ ఉన్నట్టు తేలితే చాలు, కారణాన్ని విడిగా రుజువు చేయక్కర్లేదు. డీడీ-214ను మార్చే అధికారం వీఏకి లేదు, కానీ విదేశీ డ్యూటీని ఇతర రికార్డుల నుంచి నిర్ధారించుకోగలదు. క్లెయిమ్ వేస్తానని ముందుగా తెలియజేస్తే ఆ తేదీ ఏడాదిపాటు మీ పేర నిలుస్తుంది. పరిహారం లెక్క ఆ తేదీ నుంచే మొదలయ్యే వీలుంటుంది.

తీర్పు వచ్చాక

డీడీ-215 వస్తే పాత ఫారాన్ని పారేయకండి. రెండూ కలిపితేనే పూర్తి రికార్డు, ఎక్కడ ఇచ్చినా రెండూ ఇవ్వాలి. వీఏకి కాపీ పంపండి. చేరిన పతకాలు చేతికి కావాలంటే విడిగా అడగాలి. బోర్డు కాదంటే కారణాలు రాతపూర్వకంగా ఇస్తుంది. ఏ సాక్ష్యం చాల్లేదో అందులోనే ఉంటుంది. అది సంపాదించి పునఃపరిశీలన కోరవచ్చు, ఫెడరల్ కోర్టుకూ వెళ్లవచ్చు.

మీ అబ్బాయో, కోడలో ఇంకా సర్వీసులోనే ఉండి త్వరలో విడుదలవుతుంటే ఇప్పుడే ఫోన్ చేయండి. సంతకానికి ముందు ఇచ్చే డీడీ-214 ముసాయిదాను ఆర్డర్లు, పతకం సర్టిఫికెట్లు పక్కన పెట్టుకుని సరిచూడమనండి. అన్నిటినీ స్కాన్ చేసి ఒక కాపీ ఇంటికి పంపమనండి.