గ్రిఫిత్: కాలువల మీద బతికే ద్రాక్ష ఊరికి వెళ్లేవారికి, అక్కడే ఉండబోయేవారికి

వైన్ తయారయ్యే ఊరు అనగానే చాలామంది కొండవాలు తోటలను, పాతకాలపు రాతి భవనాలను ఊహించుకుంటారు. గ్రిఫిత్‌లో అవేవీ పెద్దగా కనిపించవు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, రివరీనా ప్రాంతంలో, సిడ్నీకి సుమారు 570 కిలోమీటర్లు, కాన్‌బెర్రాకు సుమారు 350 కిలోమీటర్ల దూరంలో చదునైన నేల మీద ఉన్న ఈ ఊరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవారికి ఎక్కడో చూసినట్టే ఉంటుంది. గట్టు, గట్టు వెంట కాలువ, కాలువకు తూము, తూము అవతల వరి మడి, ఆ పక్కనే నారింజ తోట, దాని వెనుక కనుచూపు మేర ద్రాక్ష తీగలు. అయితే ఇక్కడ ఏడాదికి కురిసే వాన సుమారు 400 మిల్లీమీటర్లే కాబట్టి, పచ్చగా కనిపించేదంతా కాలువ పుణ్యమే. ముర్రంబిడ్జీ నది మీద బరిన్‌జక్ డ్యామ్‌లో నిలిపిన నీటిని బెరెంబెడ్ ఆనకట్ట దగ్గర మళ్లించి, 1912 నుంచి ఈ ప్రాంతానికి పారిస్తున్నారు. చూడటానికి వెళ్లినా, ఉండటానికి వెళ్లినా, ఈ నీటి లెక్కకూ ద్రాక్ష కోతల లెక్కకూ మీ పనులను సర్దుకోగలిగితే సగం ఇబ్బందులు తప్పుతాయి.

కోతలు సాధారణంగా జనవరి చివర మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి. వైన్ ఎలా తయారవుతుందో కళ్లారా చూడాలనుకుంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లండి, కానీ ఎండ 40 డిగ్రీలు దాటే రోజులుంటాయని ముందే మనసులో పెట్టుకోండి. ఆ రోజుల్లో కోత యంత్రాలు ఎక్కువగా రాత్రిపూటే నడుస్తాయి, ఎందుకంటే చల్లటి వేళ కోసిన పండు రసం పాడవకుండా ఫ్యాక్టరీకి చేరుతుంది. తోట పక్కన బస చేస్తే అర్ధరాత్రి ఇల్లంత యంత్రం దీపాలు వెలిగించుకుని వరుస మీదుగా నడుస్తూ, తీగను అటూ ఇటూ ఊపి పండ్లను రాల్చుకుంటూ పోవడం కిటికీలోంచి కనిపిస్తుంది. నిద్ర ముఖ్యమనుకునేవారు ఊరి మధ్యలో గది తీసుకోవడం మేలు. అక్టోబరులో వెళితే ఎండ హాయిగా ఉంటుంది, పైగా ఊరి ప్రధాన వీధి అయిన బన్నా అవెన్యూ మధ్యలో వేలకొద్దీ నారింజ, బత్తాయి జాతి పండ్లను గుచ్చి చేసిన పెద్ద పెద్ద బొమ్మలను నిలబెడతారు. జూన్‌లో రాజు పుట్టినరోజు సెలవుతో కలిసొచ్చే వారాంతంలో ఆస్ట్రేలియా నలుమూలల నుంచి సిక్కులు ఇక్కడి గురుద్వారా ఆధ్వర్యంలో జరిగే కబడ్డీ తదితర ఆటల పోటీలకు వస్తారు. ఆ మూడు రోజులకు గది కావాలంటే నెలల ముందే చూసుకోవాలి.

రైలు రోజూ ఉండదు. సిడ్నీ నుంచి విమానాలు నడిచినా, దిగాక తోటల మధ్య తిరగాలంటే కారు లేకుండా పని జరగదు. ఊరి నమూనాను కాన్‌బెర్రా నగరాన్ని రూపొందించిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్ గీశారు, అందుకే వీధులు వలయాలుగా తిరుగుతూ కొత్తవారిని మొదలుపెట్టిన చోటికే తెచ్చి దింపుతాయి. బన్నా అవెన్యూను ఆనవాలుగా పెట్టుకుంటే దారి తప్పరు. (ఊరికి పేరు మాత్రం ఆయనది కాదు, అప్పటి ప్రజాపనుల మంత్రి ఆర్థర్ గ్రిఫిత్‌ది. గ్రిఫిన్ చివరి రోజులు మన లక్నోలో గడిచాయి, 1937లో అక్కడే కన్నుమూశారు.) ఊరి బయట తెల్లవారుజామున, మునిమాపు వేళ కంగారూలు రోడ్డుకు అడ్డం వస్తాయి. అలా వచ్చినప్పుడు స్టీరింగ్ పక్కకు కోయకుండా, తిన్నగా పోతూనే బ్రేకు వేయాలని స్థానికులు మొదటి రోజే చెబుతారు, ఆ మాట వినండి.

వైన్ రుచి చూపించే చోటును ఇక్కడ సెల్లార్ డోర్ అంటారు. 1928లో బిల్బుల్‌లో మొదలైన డి బోర్టోలి, యెండాలోని యెల్లో టెయిల్ వైన్ తయారీదారులైన కసెల్లా వంటి ఇటాలియన్ కుటుంబాల సంస్థలు ఈ ప్రాంతానివే, కానీ ప్రతి ఫ్యాక్టరీకీ సందర్శకుల గది ఉండదు కాబట్టి తెరిచే వేళలు ముందుగా ఫోన్ చేసి తెలుసుకోండి. గ్లాసు అడుగున రెండు మూడు గుక్కలు పోస్తారు. ముందు తెల్లవి, తర్వాత ఎర్రవి, చివర తీపివి వస్తాయి. పోసినదంతా తాగాల్సిన పని లేదు, బల్ల మీద పెట్టిన పాత్రలో ఉమ్మేయడం ఇక్కడ అమర్యాద కానే కాదు, తెలిసినవాడి లక్షణం. ఈ ప్రాంతపు ప్రత్యేకత సెమియాన్ అనే తెల్ల ద్రాక్షతో చేసే తీపి వైన్. ఇక్కడి శరదృతువులో (మార్చి నుంచి మే దాకా) తీగ మీదే వదిలేసిన గుత్తులకు బోట్రైటిస్ అనే బూజు పట్టి, పండు ఎండుద్రాక్షలా ముడుచుకుపోయి, తీపి చిక్కబడుతుంది. ఆ బూజు పట్టిన గుత్తిని ఒకసారి చేతిలోకి తీసుకుని చూస్తే దీన్ని పారేయకుండా పిండాలని మొదట ఎవరికి తోచిందోనని ఆశ్చర్యం వేస్తుంది. 1982 పంటతో డి బోర్టోలి వారు చేసిన నోబుల్ వన్ ఈ రకానికి ఆస్ట్రేలియాలో పేరు తెచ్చింది. తాగనివారు మొహమాటపడకుండా ఆ మాట చెప్పి పక్కన కూర్చోవచ్చు. తాగే శాకాహారులు మాత్రం ఒక సంగతి గమనించాలి: వైన్‌ను తేర్చడానికి గుడ్డు తెల్లసొనను, పాల పదార్థాలను, ఒక్కోసారి చేప నుంచి తీసిన జిగురును వాడతారు కనుక, పట్టింపు ఉంటే సీసా మీద వీగన్ అన్న మాట ఉందేమో చూసుకోవాలి.

బండి నడిపేవారు ఆ రోజుకు మానుకోవడమే తెలివైన పని. పూర్తి లైసెన్సు ఉన్నవారికి రక్తంలో మద్యం హద్దు 0.05, లెర్నర్, పి-ప్లేట్ (తాత్కాలిక లైసెన్సు) వారికి సున్నా. ఇంకో మాట: ఎంత అందంగా కనిపించినా అడగకుండా తోట వరుసల్లోకి దిగి ఫొటోలు తీసుకోకండి. వేర్లను పీల్చి తీగను చంపే ఫిలాక్సెరా అనే పురుగు విక్టోరియా రాష్ట్రంలోని కొన్ని చోట్ల ఉంది, రివరీనాలో లేదు. అది బూట్లకు అంటిన మట్టితో కూడా ప్రయాణం చేయగలదు. అందుకే రైతు మీ బూట్లు శుభ్రం చేసుకోమంటే అది మిమ్మల్ని చిన్నబుచ్చడం కాదు.

ఇక ఉండబోయేవారి సంగతి. తెలుగువారు ఇటువంటి ఊళ్లకు ముఖ్యంగా రెండు దారుల్లో వస్తున్నారు. మొదటిది 491 ప్రాంతీయ వీసా: అది అయిదేళ్లు చెల్లుతుంది, సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ వంటి మహానగరాల బయటే ఉండి పనిచేయాలి, మూడేళ్లయ్యాక మిగతా షరతులు కూడా నెరవేరితే 191 శాశ్వత వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. రెండోది వైద్యులది: విదేశాల్లో చదివిన డాక్టర్లు మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద వైద్యం చేయాలంటే సాధారణంగా పదేళ్లపాటు వైద్యుల కొరత ఉన్న చోటనే పనిచేయాలన్న నిబంధన ఉంది. అంత మంది డాక్టర్లు వస్తున్నా కొత్త రోగులను చేర్చుకునే క్లినిక్ దొరకడం కష్టమే కాబట్టి, ఇల్లు దొరికిన వారంలోనే ఏదో ఒక క్లినిక్‌లో కుటుంబమంతా పేర్లు నమోదు చేయించుకోండి. కొన్ని ప్రత్యేక వైద్యాలకు వాగా వాగా దాకా, అంటే రెండు గంటల దూరం, వెళ్లాల్సి వస్తుంది.

తోటల్లో, ప్యాకింగ్ షెడ్లలో పనికి కుదిరేవారు కాంట్రాక్టరు నోటి మాటను నమ్మకూడదు. ఎన్ని బుట్టలు కోస్తే అంత అన్న లెక్కన పనిచేసినా, 2022 ఏప్రిల్ నుంచి గంటకు కనీస వేతనం దక్కి తీరాలని నిబంధన. జీతపు చీటీ లేకుండా చేతిలో నగదు పెడతానన్నవాడి దగ్గర మొదటి రోజే ఆగిపోవాలి. పనిచేసిన గంటలను మీ పుస్తకంలో మీరే రాసుకోండి, తేడా వస్తే వేతనాల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయడానికి ఆ పుస్తకమే ఆధారమవుతుంది.

అద్దె ఇల్లు చూసేటప్పుడు చల్లబరిచే యంత్రం ఏ రకమో అడగండి. చాలా ఇళ్ల మీద ఉండేది మన ఇళ్లలోని ఎయిర్ కూలర్‌కు పెద్దన్న లాంటిది, తడి మెత్తల గుండా గాలిని లాగి ఇల్లంతా పంచుతుంది. పొడి ఎండలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ కిటికీలు కాస్త తెరిచి ఉంచాలి. ఏసీ అనుకుని అన్నీ బిగించేస్తే ఇల్లు ఉక్కపోతతో వంటగదిలా తయారవుతుంది. చలికాలంలో (ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా) తెల్లవారేసరికి కారు అద్దం మీద మంచు పేరుకుంటుంది. దాని మీద వేడినీళ్లు పోస్తే అద్దం పగలవచ్చు కాబట్టి ప్లాస్టిక్ గీకుడు ముక్క ఒకటి కారులో ఉంచుకోండి.

పిల్లలున్నవారు కాలువల విషయంలో గట్టిగా ఉండాలి. గట్లు నిటారుగా, జారుడుగా ఉంటాయి, తూముల దగ్గర నీరు పైకి నిమ్మళంగా కనిపించినా అడుగున లాగేస్తుంది, ఈత కొట్టడం నిషేధం. మన డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేసినట్టే ఇక్కడ మరమ్మతుల కోసం చలికాలంలో కట్టేస్తారు. పెరటి తోటకు కాలువ నీరు వాడే ఇల్లు తీసుకుంటే ఆ తేదీలు యజమానిని అడిగి, ఆకుకూరల మడి దానికి తగ్గట్టు వేసుకోవాలి.

చివరగా బియ్యం. చుట్టూ వరి పండుతున్నా మన అన్నం మాత్రం దొరకదన్నది ఇక్కడికి వచ్చిన తెలుగువారి మొదటి ఫిర్యాదు. రివరీనాలో ఎక్కువగా పండేది మధ్యరకం గింజ, వండితే పొడిపొడిగా రాదు, ఒకదానికొకటి అంటుకుంటుంది. సోనా మసూరి నగరాల నుంచి వచ్చే సరుకే కాబట్టి కొంత ఎక్కువ ధర పెట్టాలి, లేదా సిడ్నీ, మెల్‌బోర్న్ వెళ్లినప్పుడు రెండు బస్తాలు కారులో వేసుకురావాలి. స్థానిక బియ్యమే వండుకోవాలంటే మూడు నాలుగు సార్లు కడిగి, మామూలు కంటే నీళ్లు తగ్గించి పెట్టండి. పప్పులోకి, పులుసులోకి అంతగా నప్పకపోయినా, దద్దోజనానికి, పరమాన్నానికి దాని తర్వాతే ఏ బియ్యమైనా.