పైపు నిండి నిలిచిపోయిన స్క్రిప్టు

సీ భాషలో రాసుకున్న నా వెబ్ సర్వరులో సీజీఐ స్క్రిప్టుల (పేజీని తయారుచేయడానికి సర్వరు విడిగా నడిపే ప్రోగ్రాముల) చిన్న ఫలితాలు సవ్యంగానే వచ్చేవి కానీ, పెద్ద నివేదిక అడిగితే పేజీ ఎంతకూ తెరుచుకునేది కాదు. ప్రోగ్రాములు ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేసే పిలుపులను చూపే ఎస్‌ట్రేస్‌తో చూస్తే స్క్రిప్టు రైట్ (రాసే పిలుపు) దగ్గరా, సర్వరు వెయిట్‌పిడ్ (స్క్రిప్టు ముగిసేదాకా ఆగే పిలుపు) దగ్గరా ఆగి ఉన్నాయి. స్క్రిప్టు రాసింది సర్వరుకు చేరేది పైపు అనే తాత్కాలిక నిల్వ ద్వారా; లినక్స్‌లో దాని సామర్థ్యం మామూలుగా 65,536 బైట్లు. అది నిండాక ఎవరైనా చదివితే తప్ప స్క్రిప్టు కదలదు, స్క్రిప్టు ముగిస్తే తప్ప సర్వరు చదవడం మొదలుపెట్టదు. అందుకని రీడ్ (చదివే పిలుపు) సున్నా ఇచ్చేవరకు, అంటే ఇక రావాల్సిందేమీ లేదని తెలిసేవరకు చదివి, ఆ తరువాతే వెయిట్‌పిడ్‌ను పిలిచేలా వరుస మార్చాను.

నా దృష్టిలో ఇంతకన్నా ప్రమాదకరమైన మెలిక మరొకటి ఉంది: ఫోర్క్ అయిన వెంటనే (స్క్రిప్టు కోసం తన నకలుగా కొత్త ప్రాసెస్‌ను పుట్టించగానే) సర్వరు తన దగ్గరున్న పైపు రాసే కొసను మూసివేయకపోతే, స్క్రిప్టు ముగిసినా ఆ సున్నా ఎన్నటికీ రాదు. అదే సమయంలో మరో అభ్యర్థన కోసం పుట్టిన ప్రాసెస్ కూడా ఆ కొసను పట్టుకుని ఉండవచ్చు కనుక, పైపును క్లోఎగ్జెక్ ఫ్లాగ్‌తోనే (ప్రాసెస్ కొత్త ప్రోగ్రామును మొదలుపెట్టగానే కొసను దానంతటదే మూసేసే గుర్తు) తెరిచాను.